దుంపల సెలవులు

"ఆ ఫోను ఎవరో ఒకరు ఎత్తండి. లేకపోతే తీగతో సహా పీకి పారేస్తాను," అన్నాడు లూసియన్.

ఎవరూ ఎత్తలేదు. పొద్దుటి నుంచి అది మోగడం ఆరోసారి. మోగి మోగి దానంతటదే ఊరుకుంది. బయట వాన మాత్రం ఊరుకోలేదు. సన్నటి చల్లటి వాన, మూడు రోజులుగా ఒకే ధారగా. చేలో ఇంకా ఇరవై ఎకరాల బంగాళాదుంపలు మట్టిలోనే ఉన్నాయి. ఈ బురదలో తవ్వే యంత్రం దిగదు. అందుకే లూసియన్ ఇంట్లో ఉన్నాడు. పని లేకుండా అతను ఇంట్లో ఉంటే ఇల్లు ఇరుకైపోతుంది.

"సాయర్ అయ్యుంటాడు," అంది ఒడెట్, కాఫీ కప్పులోకి చూస్తూ. సాయర్ స్కూలు బోర్డు ఛైర్మన్.

"సాయరో, సాయర్ పెళ్ళామో. ఊరంతా నీ చెయ్యి ఎటు లేస్తుందా అని చూస్తోంది. నాకు కూడా చెప్పవు."

"నాకే తెలీదు. తెలిస్తే చెప్పనా?"

"వారం నుంచీ ఇదే మాట."

అతను అన్నది నిజమే. ఏటా శరత్కాలంలో మూడు వారాలు బడి మూసి పిల్లల్ని చేలకి పంపడం ముల్లెన్ బ్రూక్‌లో తాతల నాటి నుంచీ ఉంది. ఆ దుంపల సెలవులు వచ్చే ఏటి నుంచి ఎత్తెయ్యాలా, ఉంచాలా అన్నది బోర్డు ముందున్న ప్రశ్న. అయిదుగురు సభ్యుల్లో ఇద్దరు ఉంచాలన్నారు, ఇద్దరు ఎత్తెయ్యాలన్నారు. అయిదో మనిషి ఒడెట్. పోయిన గురువారం ఆమె వారం రోజులు గడువు అడిగింది. ఆ గడువు ఈ సాయంత్రంతో తీరిపోతుంది.

పొయ్యి దగ్గర లూసియన్ తల్లి రోజలి ప్లోయ్ అట్లు పోస్తోంది. ఎనభై రెండేళ్ళ మనిషి. అట్టు తిరగెయ్యడానికి చూసేవాళ్ళని ఆవిడ మనుషుల్లో లెక్కెయ్యదు. ప్లోయ్ ఒకవైపే కాలాలి.

"తిని పోట్లాడుకోండి," అందావిడ. "ఖాళీ కడుపుతో అరిస్తే గొంతు పోతుంది."

"నాకొద్దమ్మా."

"కావాలా అని నేనడిగానా?" అని రెండు అట్లు తెచ్చి కొడుకు పళ్ళెంలో పడేసింది.

బల్ల చివర నోయెలా తల వంచుకుని తింటోంది. పదిహేడేళ్ళ పిల్ల, హైస్కూలు ఆఖరి సంవత్సరం. వేళ్ళ కణుపుల మీద పగుళ్ళు, పగుళ్ళలో సబ్బుకి లొంగని మట్టి.

"పిల్లలే రాశారట ఆ అర్జీ," అన్నాడు లూసియన్, వెన్న పూస్తూ. "సెలవులు మాకొద్దు అని పిల్లలే! ఎవరి పిల్లలో తెలిస్తే వాళ్ళ నాన్నలతో ఓ మాట మాట్లాడదును. కాగితం నీ దగ్గరికి వచ్చింది కదా ఒడెట్, ఎవరి పేర్లున్నాయి?"

"పేర్లు లేవు," అంది ఒడెట్. "పేర్లున్న కాగితం నా దాకా రాలేదు."

పేర్లున్న కాగితం ఆమె గదిలో, సొరుగులో, చలికాలపు స్కార్ఫుల కింద ఉంది. పైనున్న పేరు గుండ్రటి అక్షరాల్లో ఉంది: నోయెలా తిబొడో. అయిదు రోజులుగా అది అక్కడే ఉంది. ఆ సంగతి మొగుడికీ చెప్పలేదు, కూతుర్నీ అడగలేదు.

నోయెలా ఫోర్కు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది.

"డ్యూబే వాళ్ళ పిల్లలై ఉంటారు," అన్నాడు లూసియన్. "చేలో కాలు పెడితే బూటు మాసిపోతుంది వాళ్ళకి."

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి నోయెలా లేచి ఎత్తింది.

"జినెట్ అత్త. నీకేనమ్మా."

జినెట్ లూసియన్ చిన్నాన్న కూతురు, బడి ఆఫీసులో గుమస్తా. "వదినా, బడి వార్తల కాగితం అచ్చు వేస్తున్నాను," అంది. "మూడో పేజీ సంగతి నీతో మాట్లాడాలి. ఒకసారి రా. ఫోనులో కాదు."

* * *

పిల్లలు లేని బడిలో నేల మైనం వాసన ఎక్కువగా వేస్తుంది. పదకొండేళ్ళు ఇదే బడిలో నర్సుగా పనిచేసిన ఒడెట్‌కి ఆ వాసన ఇంటి వాసన లాంటిది. ఈ మూడు వారాలూ అయ్యాక గ్లవ్స్ లోపల పిల్లల చేతులు ఎలా పుండ్లు పడేవో, సోమవారం పొద్దున్నే తన గది బయట ఎంత వరస ఉండేదో ఆమెకి గుర్తే. ఒకప్పుడు అరవై మంది ఉండేవాళ్ళు. పోయినేడు తొమ్మిది మంది.

జినెట్ బల్ల నిండా పసుపు పచ్చ కాగితాల దొంతర్లు. అమ్మాయిల సాకర్ జట్టు నాలుగు గోల్స్ తేడాతో ఓడింది. బడి ఫొటోలు పన్నెండో తారీకుకి మారాయి. ఎడమ కాలి రబ్బరు బూటు ఒకటి ఆఫీసులో ఉంది, ఎవరిదో వాళ్ళు వచ్చి తీసుకోవాలి. ఈ సాయంత్రం అయిదింటికి కోత విందు, ఇంటికో వంటకం తేవాలి, ఆ వెంటనే బోర్డు సమావేశం.

మూడో పేజీ నిండా అర్జీ. కింద నలభై ఒక్క పేర్లు.

"ఈ పేర్లు నీకెక్కడివి?" అంది ఒడెట్.

జినెట్ కళ్ళద్దాల మీంచి చూసింది. "మొదటి కాగితం ఎవరింట్లోనో పోయిందటగా. నిన్న మధ్యాహ్నం నోయెలా వానలో సైకిలు మీద వచ్చి నకలు ఇచ్చింది. 'అత్తా, నా పేరు పైనే ఉండాలి, మధ్యలోకి దించొద్దు' అంది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి దానికి. తువ్వాలిస్తే తుడుచుకోకుండా చేత్తో పట్టుకుని నిలబడింది."

ఒడెట్ కుర్చీలో కూలబడింది.

"ఒక్క పేరు తీసెయ్యగలవా జినెట్?"

"బోర్డు మెంబరుగా అడుగుతున్నావా, తల్లిగా అడుగుతున్నావా?"

"పెళ్ళాంగా అడుగుతున్నాను."

జినెట్ నవ్వబోయి మానేసింది. "అన్నయ్య సంగతి నాకు మాత్రం తెలీదా? కానీ ఆ పిల్ల నా మొహంలోకి చూసి అడిగింది వదినా. నువ్వు తీసెయ్యమంటే తీసేస్తాను. రేపు దానికి మొహం చూపించేది మాత్రం నువ్వే."

చూరు నీళ్ళు కిటికీ గట్టు మీద పడుతున్నాయి.

ఒడెట్ ముందుకి వంగి స్టాప్లర్ అందుకుంది.

"ఎన్ని కుట్టాలి?"

"రెండొందల యాభై."

ఇద్దరూ కుట్టడం మొదలుపెట్టారు.

* * *

విందుకి లూసియన్ తల్లిని తీసుకుని ట్రక్కులో ముందే వెళ్ళిపోయాడు. తల్లీ కూతుళ్ళు కారులో బయల్దేరారు. ఒడిలో బీన్స్ గిన్నె పెట్టుకుని నోయెలా చాలాసేపు అద్దం తుడిచే కర్రల్నే చూసింది.

"నీ సొరుగులో చూశాను," అంది చివరికి. "నా కాగితం."

"నా స్కార్ఫులతో నీకేం పని?"

"చలేసింది."

చర్చి మలుపు దాటారు.

"నన్ను అడగలేదేం అమ్మా?"

"నువ్వే చెప్తావేమోనని చూశాను."

"నువ్వే అడుగుతావేమోనని నేను చూశాను."

ఇద్దరికీ నవ్వు రావలసిన మాటే. ఇద్దరికీ ఓపిక లేకపోయింది.

బడి భోజనాల హాలు నిండిపోయి ఉంది. తడి కోట్ల వాసన, హామ్ వాసన, పిల్లల గోల. ఒడెట్ వరసలో నిలబడితే ముందువాళ్ళు పలకరించి వెంటనే అటు తిరిగిపోతున్నారు. మెదిపిన దుంపలు వడ్డిస్తున్న ముసలి మదాం ఉయెలెట్ ఆమె పళ్ళెంలో రెండు గరిటెలు ఎక్కువే వేసింది.

"తిను తల్లీ, తిను. వచ్చే ఏడు ఎవరు తవ్విపెడతారో ఏమో."

లూసియన్ గోడవారగా బల్ల దగ్గర ఉన్నాడు. అతని ముందు పసుపు పచ్చ కాగితం విప్పి ఉంది. మూడో పేజీ. ఒక్కో పేరు మీదా వేలు పెట్టి కిందిదాకా చదివాడు. మళ్ళీ పైకి వచ్చాడు. వేలు అక్కడే ఆగింది.

అరుస్తాడనుకుంది ఒడెట్. అరవలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పళ్ళెం దగ్గరికి లాక్కుని బీన్స్, హామ్, రొట్టె, ఏదీ వదలకుండా తిన్నాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమె అంత భయపడింది లేదు.

బల్లలు జరిపి కుర్చీలు వేశారు. సాయర్ గొంతు సవరించుకుని అర్జీ తరఫున ఎవరైనా మాట్లాడతారా అని అడిగాడు. నోయెలా లేచి మైకు దగ్గరికి వెళ్ళింది. చేతిలో కాగితం ఉంది, చూడలేదు.

"హైస్కూల్లో నూట పది మందిమి ఉన్నాం. చేలో దిగేది పద్నాలుగు మందిమి. మిగతావాళ్ళకి ఇవి సెలవులు. మాకు కాదు. మేం పొద్దున ఆరింటికి యంత్రం ఎక్కి సాయంత్రం ఆరింటికి దిగుతాం. సోమవారం క్లాసులో కూర్చుంటే 'బాగా విశ్రాంతి తీసుకున్నారా?' అని అడుగుతారు. ఈ సెలవుల కోసం ఆగస్టు ఎండలో బడి తెరుస్తారు. చిన్నపిల్లల అమ్మలు ఈ మూడు వారాలూ వాళ్ళని ఎక్కడ దింపాలో తెలీక తిరుగుతారు. అంతే. ఇంకేం లేదు."

వెనక కుర్చీ కదిలిన చప్పుడు.

"ఛైర్మన్ గారూ, ఒక ప్రశ్న."

"అడుగు లూసియన్."

లూసియన్ ఛైర్మన్ వైపు చూడలేదు. "ఆ యంత్రం మీద నిలబడ్డం నీకు సిగ్గా?"

నోయెలా తండ్రి వైపు తిరిగింది.

"కాదు నాన్నా."

"మరేంటి?"

"అలసట."

"అలసట నాకు లేదా?"

"ఉంది. నీకుందని తెలుసు కాబట్టే ఇంట్లో చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్పాను."

లూసియన్ కూర్చున్నాడు. పక్కన తల్లి అతని మోచెయ్యి పట్టుకుంది.

సెలవులు ఉంచాలన్నవాళ్ళు చేతులెత్తమన్నాడు సాయర్. రెండు లేచాయి. ఎత్తెయ్యాలన్నవాళ్ళు అన్నాడు. రెండు లేచాయి. ఒడెట్ తన చేతిని బోర్డు బల్ల కింద, ఒడిలో, రెండో చేత్తో పట్టుకుని ఉంది. తన నర్సు గది బయట నిలబడ్డ పిల్లల వరస గుర్తొచ్చింది. పెళ్ళైన కొత్తలో లూసియన్ తండ్రి తనని చేనంతా తిప్పి చూపించిన రోజూ గుర్తొచ్చింది. ఏది ముందు గుర్తొచ్చిందో తరవాత ఎంత ఆలోచించినా చెప్పలేకపోయింది. చెయ్యి ఎత్తింది.

"మూడు," అన్నాడు సాయర్. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

లూసియన్ టోపీ పెట్టుకున్నాడు. "పదమ్మా."

"ఆపిల్ పై తినలేదురా నేనింకా."

"ఇంట్లో ఉంది, పద."

"ఇంట్లో లేదు," అంటూనే ఆవిడ లేచింది.

* * *

శుక్రవారం ఇంట్లో మాటలన్నీ రోజలి మీదుగానే నడిచాయి.

"అమ్మా, ఉప్పు అటుందేమో అడుగు."

"చేతికి అందేంత దూరంలో ఉంది. నీకు చెయ్యి లేదూ?"

ఒడెట్ ఉప్పు జరిపింది. లూసియన్ ఆ రోజంతటికీ ఆమెతో అన్నది ఒకటే మాట. బూట్లు తొడుక్కుంటూ, తల ఎత్తకుండా అన్నాడు.

"పేర్లు లేవన్నావు."

అతను తలుపు మెల్లగానే వేసి వెళ్ళాడు.

ఆ రాత్రికి వాన వెలిసింది. శనివారం పొద్దున ఉత్తరపు గాలి సాళ్ళని ఆరబెట్టడం మొదలుపెట్టింది. ఆదివారం రాత్రి గడ్డ కట్టే మంచు పడుతుందని, మట్టిలో దుంపలుంటే పాడవుతాయని రేడియోలో చెప్పారు. ఇరవై ఎకరాలు, రెండు రోజులు.

నోయెలా ఆరింటికల్లా తయారై వరండాలో నిలబడింది. మెడకి తువ్వాలు, చేతికి గ్లవ్స్.

"నువ్వొద్దు," అన్నాడు లూసియన్.

"నాన్నా, సెలవులు రద్దయ్యేది వచ్చే ఏటి నుంచి. ఈ ఏడు ఉన్నాయిగా."

"వద్దన్నానా! లోపలికెళ్ళి పడుకో. అలసట అన్నావుగా, తీర్చుకో."

ట్రక్కు వెళ్ళిపోయింది. నోయెలా అక్కడే నిలబడింది. ఏడవలేదు గానీ గ్లవ్స్ ఒక్కో వేలూ లాగి తీస్తున్న తీరు చూస్తే ఏడిస్తేనే నయమనిపించింది ఒడెట్‌కి.

"కారెక్కు," అంది.

"వద్దన్నాడుగా."

"నన్ను వద్దనలేదు. నేను వెళ్తున్నాను. నువ్వు కారులో కూర్చో, చాలు."

చేలో యంత్రం మీద ఆరుగురు ఉండాల్సిన చోట నలుగురే ఉన్నారు. ముందు ట్రాక్టరు లాగుతుంటే వెనక యంత్రం మట్టిని పెకలించి దుంపల్ని కదిలే పట్టీ మీదకి ఎత్తుతోంది. రాళ్ళు, మట్టిగడ్డలు, వానకి కుళ్ళిన దుంపలు అన్నీ కలిసి వస్తున్నాయి. వాటిని ఏరి పారెయ్యడం నాలుగు జతల చేతులకి అందడం లేదు. సాలు చివర ట్రాక్టరు మలుపు తీసుకుంటుండగా నోయెలా కారు దిగి, పరిగెత్తి, ఎవర్నీ అడక్కుండా నిచ్చెన పట్టుకుని పైకెక్కేసింది. లూసియన్ వెనక్కి తిరిగి చూశాడు. ట్రాక్టరు ఆపలేదు. దిగమనీ అనలేదు.

మధ్యాహ్నం చేను గట్టున అతను ఇంజను ఆపాక ఒడెట్ సూపు ఫ్లాస్కు తీసుకెళ్ళింది. పనివాళ్ళు అవతలి గట్టున తింటున్నారు. లూసియన్ ట్రాక్టరు చక్రానికి ఆనుకుని మూతలో సూపు పోసుకున్నాడు. రెండు గుక్కలు తాగాడు.

"ఇది ఆఖరిది, ఒడెట్."

"సూపా? ఇంకా ఉంది, కారులో..."

"ఈ తవ్వకం." అతను ఆమె వైపు చూడలేదు. "మార్చిలో చేను హాల్వర్సన్ వాళ్ళకి కౌలుకి రాసిచ్చేశాను. పదేళ్ళకి. వాళ్ళ కొత్త యంత్రాలకి మనుషులు అక్కర్లేదు. వచ్చే ఏటి నుంచి నేను వాళ్ళ ట్రక్కు తోల్తాను."

గాలికి ఎండిన దుంప ఆకులు సాళ్ళలో దొర్లుతున్నాయి.

"మార్చి," అంది ఒడెట్.

"మంచు కరగక ముందే."

"ఏడు నెలలు. అత్తయ్యకి తెలుసా?"

"చేను అమ్మ పేరనే ఉంది. సంతకం ఆవిడే పెట్టింది."

ఒడెట్ ఫ్లాస్కు మట్టిలో పెట్టింది. కోపం రావలసినంత రాలేదు. అంత కోపం తెచ్చుకునే ఓపిక ఆమెలో మిగల్లేదు.

"మరి వారం రోజులు నన్నెందుకు తిన్నావు లూసియన్? నీకు ఈ సెలవులతో పనే లేదు. అది తెలిసుండి కూడా, కన్నకూతుర్ని అంతమంది ముందు నిలబెట్టి సిగ్గా అని అడిగావే!"

మూతలో సూపు చల్లారిపోయింది.

"నేను మానుకున్నా ఊరు మానదు కదా అనుకున్నాను," అన్నాడు. "సెప్టెంబరు వస్తుంది, బడి మూస్తారు, ఎవరో ఒకరి పిల్లలు చేలల్లో అరుచుకుంటూ ఉంటారు, ట్రక్కులో పోతూ చూసుకోవచ్చు అనుకున్నాను. మీరిద్దరూ కలిసి అదీ మూసేశారు." బూటుకంటిన మట్టి చక్రానికి రాస్తూ, "తప్పని కాదు. పిల్ల చెప్పిందాంట్లో ఒక్క అబద్ధం లేదు. అందుకే వినలేకపోయాను," అన్నాడు.

ఒడెట్ అతని చేతిలోంచి మూత తీసుకుని చల్లారిన సూపు పారబోసి వేడిది పోసి ఇచ్చింది. అంతకంటే ఏం చెయ్యాలో తెలియలేదు.

"దానికి చెప్పకు," అన్నాడు. "తన వల్లే చేను వదిలేశాననుకుంటుంది. ముందు ఈ తవ్వకం కానీ."

"మళ్ళీ దాచమంటావా? ఒకటి దాచినందుకు ఏమైందో చూశావుగా."

అతను సూపు తాగేసి, ఫ్లాస్కుకి మూత బిగించి ఇచ్చేసి ట్రాక్టరు ఎక్కాడు. పనివాళ్ళు యంత్రం మీదకి చేరుకున్నారు. ఇంజను అందుకుంది. చేనంతా ఆ మోతే.

నోయెలా పైనుంచి వంగి చూసింది. మొహం నిండా మట్టి, కళ్ళు మాత్రం తెల్లగా.

"నాన్న ఏమన్నాడమ్మా?" అని అరిచింది.

ఒడెట్ వినపడలేదన్నట్టు చెవి చూపించింది. తల్లి విన్నదని పిల్లకి తెలుసు. యంత్రం కదిలింది. ఒడెట్ పది అడుగులు దాని పక్కనే నడిచి, కోటు జేబులోంచి గ్లవ్స్ తీసి తొడుక్కుని, నిచ్చెన పట్టుకుని ఎక్కింది. కూతురి పక్కన ఖాళీగా ఉన్న చోట నిలబడింది. పట్టీ మీద వస్తున్న రాయిని ఏరి అవతలికి విసిరింది. ఇంకో రాయి. ఒక కుళ్ళిన దుంప.

ముందు ట్రాక్టరు మీంచి లూసియన్ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

"చెప్పవేం?" అంది నోయెలా, చెవి దగ్గరగా.

"నీకొక సంగతి చెప్పొద్దన్నాడు," అంది ఒడెట్.

నోయెలా చేతులు ఆగిపోయాయి. పట్టీ మీద రాళ్ళూ దుంపలూ కలిసి ముందుకు పోతున్నాయి.